మోటరు బావిలో ఎడ్లు

మా బడికి టేపు రికార్డరు వచ్చిన రోజు చర్చి అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ తర్వాత దాని మీద చెయ్యి పెట్టే భాగ్యం ఇంకెవరికీ దక్కలేదు. పెద్దసారు దాన్ని ఇనుప బీరువాలో పెట్టి, లేసు గుడ్డ కప్పి, తాళం వేసి, వరండా బోర్డు మీద నియమాలు రాయించారు. పిల్లలు టేపు రికార్డరును ముట్టరాదు. గైడ్లు తేరాదు. కాలిక్యులేటరు ఉన్న గడియారం పెట్టుకోరాదు. మెదక్‌లో అలాంటి గడియారం అప్పటికి ఒక్క ఎస్టీడీ బూతాయన చేతికే ఉండేది. ఆయన బడి మానేసి చాలా కాలమైంది. దేవుడు పది ఆజ్ఞలతో సరిపెట్టుకున్నాడు. మా పెద్దసారు పధ్నాలుగు దాకా వెళ్లారు, అక్కడితో బోర్డు అయిపోయింది.

ఆ నియమాలేవీ నన్ను బాధించలేదు. ఎందుకంటే నాకు చదవడమే రాదు.

ఆరో తరగతికి వచ్చినా ఆ సంగతి ఎవరికీ తెలియదు. తప్పు నా చెవులది. నాయినమ్మ మా వాడ ప్రార్థన మందిరంలో స్త్రీల కూడికకు పెద్ద. పొద్దున లేస్తే వాక్యం, పడుకోబోతే కీర్తన. ఆమె నోట ఒకసారి వింటే చాలు, నాకు వచ్చేసేది. ఏటా పిల్లల ఆదివారం నాడు లేఖనం చదివేది నేనే. బైబిలు గ్రంథం రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పేజీ తిప్పాలో సరిగ్గా అక్కడ తిప్పుతూ గడగడా అప్పజెప్పేదాన్ని. మెదక్ పెద్ద చర్చి చూడ్డానికి వచ్చినవాళ్లు రంగుటద్దాల ముందు ఎలా నోరు తెరుచుకుని నిలబడతారో, మా మందిరం పెద్దలు నా ముందు అలా కూర్చునేవారు. నేను దేవుణ్ణి నిజంగానే నమ్మేదాన్ని, ఇప్పుడూ నమ్ముతాను. పేజీ తిప్పడం ఒక్కటే నటన.

బడి పాఠాలకు మా చెల్లె ఉంది. మూడో తరగతి. గొప్ప చూపించుకోవడానికి నా తెలుగు వాచకం తీసుకుని పైకి చదివేది. నేను పక్కన బియ్యం ఏరుతూ వినేదాన్ని.

"నువ్వెందుకు సదువవు అక్కా?"

"నీకు వస్తదో రాదో సూస్తున్న."

అది ఇంకా గట్టిగా చదివేది.

ఆ ఏడు పుస్తకాలు మారాయి. మారాయని చెప్పారే గాని దసరా దాటినా రాలేదు. అందాకా పైతరగతివాళ్ల పాత పుస్తకాలతోనే నడిపించాం. అందులో ఒక పాఠంలో ఒక రైతు, ఒక బావి, మోట లాగే రెండు ఎడ్లు. చెల్లె పుణ్యమా అని నాకు ఆ ఎడ్లు అడుగడుగూ కంఠతా వచ్చు. చివరికి కొత్త పుస్తకాలు దిగాయి. అదే పాఠం, అదే రైతు, అదే బావి బొమ్మ. పెద్దసారు వచ్చి తలా ఒక పేరా చదవమన్నారు. నా వంతు రాగానే నిలబడి అందుకున్నాను. ఎర్ర ఎద్దు మెడ వంచింది, తెల్ల ఎద్దు తోక విసిరింది, రెండూ కలిసి వాలులో దిగాయి...

"ఆగు," అన్నారు పెద్దసారు. "ఎడ్లు ఏడికెల్లి వచ్చినయే?"

"పొలంకెల్లి సార్."

తరగతి నవ్వింది.

"పుస్తకంల ఏడున్నయో సూపియ్యి."

విశ్వాసంతో ఒకచోట వేలు పెట్టాను.

"గాడ మోటరుంది," అన్నారాయన.

కొత్త పుస్తకం రాసినవాళ్లు ఎడ్లను తీసేసి కరెంటు మోటరు బిగించారు. దేశమంతటా కొత్త సరుకు దిగుతున్న రోజులవి. మా బావిలోకి దిగిన సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు.

పెద్దసారుకు అప్పుడు అంతా అర్థమైంది. ఇంకో పాఠం తెరిచి చదవమన్నారు, మొదటి మాట దగ్గరే నిలబడిపోయాను. చదవడం రానివాళ్లు రోజూ ఒక పీరియడు మూడో తరగతిలో కూర్చోవాలన్నది బోర్డు మీద తొమ్మిదో నియమం. ఆయన మా మందిరానికి సెక్రటరీ కూడా. అక్కడి శిక్ష వేరుగా వేశారు.

"పిల్లల ఆదివారానికి ఇంక నెలుంది. అప్పటికి సదువుడొస్తే నువ్వే సదువు. రాకుంటే ఇంకో పిల్ల సదువుతది. ఏ అధ్యాయమో ఆ పొద్దుగాల్నే చెప్త."

అప్పటికే నాయినమ్మ నా పఠనం వినడానికి కౌడిపల్లి చుట్టాలను పిలిచి కూర్చుంది. ఇంటికి వెళ్లి ఆమెకు ఈ ముక్క చెప్పే ధైర్యం నాకు లేదు.

మర్నాడు మూడో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. మా చెల్లె బెంచీ మీద జరిగి చోటిచ్చింది. "రా అక్కా. పలక తెచ్చుకున్నవా?"

ఆ తరగతి టీచరమ్మ నన్ను తిట్టలేదు. "నీకేం వస్తదో అది చెప్పు," అంది. నాకు వచ్చిన బైబిలు కీర్తనల్లో పొడవైనది ఎత్తుకున్నాను. ఆమె మధ్యలో లేచి వెళ్లి, ప్యూనును పట్టుకుని తాళం తీయించి, టేపు రికార్డరుతో తిరిగొచ్చింది. నా కీర్తన అందులోకి ఎక్కించింది. మరుసటి రోజు నుంచి నా గొంతు టేపులో పాడుతుంటే, గ్రంథంలో ఆ మాట ఎక్కడుందో నేను వేలు పెట్టి చూపాలి. ఆమె ఎక్కడపడితే అక్కడ మీట నొక్కి ఆపేది.

"నీ నోరు రామాయంపేట దాటింది. వేలింకా మెదక్ బస్టాండ్‌లనే ఉంది. మల్ల మొదటికెల్లి."

చెల్లె పడీపడీ నవ్వేది. పది రోజులకు వేలు బస్సెక్కింది. ఒకరోజు టేపు ఆగిన మాట దగ్గరే వేలూ ఆగింది. "నీటి," అన్నాను. టీచరమ్మ వెంటనే వాచకం తెరిచి బావి పాఠంలో ఒక మాట చూపింది. "ఇది?" అదీ ఆ మాటే. కీర్తనలో దేవుని కాలువలో పారే నీటికీ కరెంటు మోటరు పోసే నీటికీ అక్షరాలు ఒకటేనని ఆ రోజు చూశాను. ఇంత చిన్న సంగతిని ఆరేళ్లు ఎందుకు దాచారో అనిపించింది.

అంతలో పెద్దసారు కిటికీ దగ్గరికొచ్చారు. "టీచరమ్మా, బోర్డు మీద రూలు సదివిండ్రా? పిల్లలు దాన్ని ముట్టొద్దు."

"పిల్ల ముట్టలే సార్. నొక్కేది నేను. లోపల మాట్లాడేదే ఆ పిల్ల."

లోపల మాట్లాడేవాళ్ల గురించి ఆయన దగ్గర నియమం లేదు. బోర్డులో చోటూ లేదు. వెళ్లిపోయారు.

నేనిప్పుడు పంతులమ్మను. తెలంగాణ బంద్‌లతో బడి వారాలకు వారాలు మూతపడినప్పుడు, పాఠాలు ఫోనులో రికార్డు చేసి పిల్లల తల్లుల మెమరీ కార్డుల్లోకి ఎక్కించాను. మా బడిలో సెల్‌ఫోన్ నిషేధం కాగితం మీద మొదటి సంతకం కూడా నాదే. ప్రభువు రెండింటినీ చూశాడు. ఏమీ అనలేదు.

ఆ ఏటి పిల్లల ఆదివారం పొద్దున పెద్దసారు చీటీ ఇచ్చారు. ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళి. ఒక్క పేరుకూ నోరు తిరగదు. గ్రంథం మీద వేలు పెట్టి మొదలుపెట్టాను. ఆ కొడుకులను కనడానికి వాళ్ల అమ్మలు ఎంత కష్టపడ్డారో గాని, నేను మళ్లీ ఒక్కొక్కరినీ కన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన నిద్రపోయాడు, లేచాడు, నేనింకా నాలుగో తరం దగ్గరే ఉన్నాను. పెద్దసారు తన గ్రంథంలో వేలు పెట్టి నాతోపాటే నడిచారు. ఆయన వేలు ఎక్కడా నన్ను దాటి ముందుకు పోలేదు. చివరి పేరు అయ్యాక గ్రంథం మూసి, "ఆమెన్," అన్నారు. ఆ పఠనానికి ఆమెన్ చెప్పింది ఆయనొక్కరే.

బయట చెప్పుల దగ్గర కౌడిపల్లి చుట్టం నాయినమ్మను పట్టుకుంది. దిష్టి అనే మాట మా విశ్వాసులు అనకూడదు గాని, అంటారు.

"పోయినేడు గడగడ సదివె గదా అత్తా. గీ యేడు ఏమైంది పిల్లకు? దిష్టి తగిలిందా?"

నాయినమ్మ వంగి చెప్పులు వెతుక్కుంటూనే జవాబిచ్చింది.

"పోయినేడు దానికి సదువు రాదు. గీ యేడు వచ్చింది. గందుకే జర ఆల్శమైంది. నడువుండ్రి, కూర సల్లారుతది."