రక్తంలో మంట

ధర్మవరం బస్టాండు దగ్గర ఎండాకాలం బండి మీద మజ్జిగ అమ్ముతారు. అల్లం, కరివేపాకు దంచి వేసిన ఆ వాసన తగిలితే చాలు, హిందూపురం ఆసుపత్రి ల్యాబూ, అక్కడి మా పెద్ద డాక్టరు శారద మేడమూ గుర్తుకొస్తారు. దాహంతో ఆగి కూడా తాగకుండా వెళ్ళిపోయిన రోజులున్నాయి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో నేను అక్కడ టెక్నీషియన్‌ని. ఊపిరాడని వాళ్ళ రక్తం మా దగ్గరికి వచ్చేది. సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ పరీక్షలు చేసేవాళ్ళం. వైరస్‌తో పోరాడాల్సిన ఒళ్ళు అదుపు తప్పి తన మీద తనే తిరగబడితే ఈ అంకెలు ఎగబాకుతాయి. వాటిని చూసి మేం బెదిరిపోయేవాళ్ళం. మేడమ్ బెదిరేవారు కాదు, కనీసం మాకు కనపడనిచ్చేవారు కాదు. పెనుకొండ మనిషి, మాట కరుకు. గ్లవ్స్ సరిగా వేసుకోకపోతే "ఏమ్మా, పెండ్లికొచ్చినావా?" అని అందరి ముందూ కడిగేసేవారు. మామూలుగా ల్యాబ్ డాక్టర్లు రోగుల వాళ్ళతో మాట్లాడరు. ఆమె మాత్రం రిపోర్టు పట్టుకుని వార్డు దాకా వెళ్ళి, వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి వచ్చేవారు. అది ఆమె పని కాదని వార్డు డాక్టర్లు గొణిగినా పట్టించుకోలేదు.

పరిగి దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే నరసప్ప తన భార్య రామక్కను తీసుకొచ్చాడు. ఆమెకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. రిపోర్టు చూసి మేడమ్ అతనితో, "రక్తంలో మంట శానా ఎక్కువుండాది, నరసప్పా" అన్నారు. ఇన్‌ఫ్లమేషన్‌కు ఆమె వెతికి పట్టుకున్న మాట అది. నాకూ బాగుందనిపించింది.

మధ్యాహ్నం వార్డులోంచి నర్సు కేకలు వినిపించాయి. పరుగెత్తి వెళ్ళి చూస్తే, నరసప్ప తన భార్య మాస్కు పక్కకు లాగి చెంబుతో మజ్జిగ తాగిస్తున్నాడు. ఆమెకు పొలమారింది, పెదాలు నల్లబడుతున్నాయి. నర్సు ఆమెను కూర్చోబెట్టి, మాస్కు బిగించి, ఊపిరి కుదుటపరిచేసరికి మా అందరికీ చెమటలు పట్టాయి.

"మంటుండాదని నువ్వే కదమ్మా అంటివి," అన్నాడతను బిక్కచచ్చిపోయి. "సల్లబడుతుందని పోస్తి."

చెడామడా తిడతారనుకున్నాను. మేడమ్ తిట్టలేదు. "తప్పు నీది కాదప్పా, నేననిన మాటది," అని వెనక్కి వచ్చేశారు.

మరునాడు అంకెలు ఇంకా పెరిగాయి. రామక్క గొంతులోకి గొట్టం వేయాలని డాక్టర్లు నిర్ణయించారు. మేడమ్ ఈసారి కాగితం తీసుకెళ్ళలేదు. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, బెంచీ మీద నరసప్ప పక్కన కూర్చున్నారు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"నరసప్పా, రామక్క బతికేది కష్టం. ఇంగ కొంచేపట్లో గొట్టమేస్తారు. అదేసినాక మాట్లాడలేదు. చెప్పుకునేదుంటే ఇప్పుడే పోయి చెప్పుకో."

"బాగయితాదని చెప్పొచ్చు కదమ్మా," అన్నాడతను.

"అట్ల చెప్తే, రేపు మాట్లాడొచ్చులే అని నువ్వు ఈడనే కూర్చుంటావప్పా."

నరసప్ప లేచి లోపలికి వెళ్ళాడు. గొట్టం వేశాక రామక్క మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మేడమ్ రిటైరయ్యారు. నేను ధర్మవరం వచ్చేశాను. ఇక్కడా కొన్ని రిపోర్టులు అలాంటివి వస్తాయి. వార్డు డాక్టరును అడిగి, నేనే బయటికి వెళ్ళి రోగి తాలూకు వాళ్ళ పక్కన కూర్చుంటాను. మేడమంత ధైర్యం నాకు లేదు. అయినా చెబుతాను. రామక్కను తీసుకెళ్ళే రోజు నరసప్ప మా ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ అడగకుండానే మేడమ్‌తో అన్న మాటలే నాతో ఆ పని చేయిస్తాయి.

"ఆపొద్దు లోపలికి పోతే, సూడి గొర్రెను ఎండకు తోలొద్దనిందమ్మా. అది నీ మాదిరే మొండిది, దానికేం కాదులే అంటి. నగినాది."