ఎర్ర తెర వెనక పెళ్ళికొడుకు

ఈమధ్య అరటిపండ్లకు కూడా స్టిక్కరు అతికిస్తున్నారు. గోరుతో గీకితే సగమే వస్తుంది, మిగతా సగం పండుతో పాటు మన కడుపులోకి రావడానికి సిద్ధంగా ఉంటుంది. అరటిపండు అరటిపండేనని ఎవరో హామీ ఇస్తే తప్ప నమ్మలేని కాలం వచ్చిందంటే నాకు బాధే. కానీ గట్టిగా మాట్లాడే అర్హత లేదు. ఒకప్పుడు నా స్టిక్కరే ఊడిపోయి ఒక పెళ్ళిసంబంధం చెయ్యిజారబోయింది.

కొత్తగా ఉద్యోగం వచ్చి, ఆఫీసు బెంగళూరులోనూ నేను పెనుకొండలో మా ఇంటి హాల్లోనూ ఉన్న రోజులవి. ఆ వయసులో మనిషికి రెండు నమ్మకాలుంటాయి: తనకు అన్నీ తెలుసునని, తెలియనివి పెద్ద అవసరమైనవి కావని. జీతం రాగానే నా ఈడువాళ్ళు బండ్లు కొన్నారు, నేను ఒక నల్లడబ్బా కొన్నాను. ఇంటి ఫొటోలన్నీ అందులో దాచుకుంటే ప్రపంచంలో ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు. (ప్రపంచం అంటే అప్పటికి ధర్మవరంలో పట్టుచీరలమ్మే మా మేనమామ ఒక్కడే. ఆయనా చూసేవాడు కాదు.) ఇలాంటి ఇంటి సర్వరుకు ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉండాలి. ఇది ఫలానావాళ్ళదే, మధ్యలో దొంగలెవరూ దూరలేదు అని చూసేవాళ్ళ ఫోనుకు చెప్పేది అదే. మూడు నెలలకు దాని గడువు తీరుతుంది కాబట్టి, ఆలోపే దానంతటది కొత్తది తెచ్చుకునేలా ఏర్పాటు చేశాను. వారానికొకసారి ప్రయత్నించమని పెట్టి, ఏ రోజో తేలక పైకే గొణుక్కుంటుంటే, బియ్యం ఏరుతున్న అమ్మ "శుక్రవారం పొద్దున పెట్టుకోరా, మంచిది" అంది. కంప్యూటరుకు అన్ని రోజులూ ఒకటే, అమ్మకు కాదు. అలాంటప్పుడు అమ్మ మాటే నెగ్గడం న్యాయమని శుక్రవారం పది గంటలకు పెట్టాను. ఇక ఆ డబ్బావైపు తిరిగి చూడనక్కర్లేదని ఆఫీసులో నలుగురికీ చెప్పి, ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇంట్లో నేను వాడేది వేరే లోపలిదారి, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

అప్పుడే మామ హిందూపురంలో ఒక సంబంధం చూశాడు. అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం. మామ ఫోనులో ఆమె ఫొటో చూసి "పర్వాలేదు" అన్నాను, అని నేరుగా క్షవరానికి వెళ్ళాను. వాళ్ళు నా ఫొటో అడిగారు. అందరిలా ఫొటో పంపితే ఫొటో మాత్రమే చూస్తారు, సొంత సర్వరునుంచి లింకు పంపితే మనిషి ఏపాటివాడో తెలుస్తుందనుకున్నాను. తెలిసింది. మర్నాడే మామ ఫోను చేశాడు.

"ఏమిరా అల్లుడా, యాడ దిగినావురా ఆ ఫొటో?"

"గగన్ మహల్ ముందర మామా. ఏం?"

"వాళ్ళు తెరిస్తే తెరంతా ఎర్రగై, ఈడ దొంగలుండారు, ముందుకు పోవద్దు అని వస్తాందంట. మీవాడు ఏం పని చేస్తాడప్పా అని పిల్ల నాయన నన్నడుగుతాండాడు. ఇన్నేండ్లుగా చీరలమ్ముతాండా, నన్నెవురూ అట్ల అడగలేదు."

డబ్బా చూస్తే నిక్షేపంగా ఉంది, సర్టిఫికెట్ గడువే తీరిపోయింది. చేత్తో తెప్పిస్తే కొత్తది బుద్ధిగా వచ్చింది. మరి దానంతటది ఎందుకు రాలేదో అంతుబట్టలేదు. లింకు మళ్ళీ పంపుదామంటే, ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని వాళ్ళ నాయన ఆర్డరట. "ఆదివారం అందరం పోదాం. మనిషినే చూపిస్తే ఎర్రగా రాదు గదా?" అన్నాడు మామ. రాదని మాటిచ్చాను.

హిందూపురంలో, గడప పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్న వాళ్ళ అవ్వ నన్ను ఆపింది. "ఏమప్పా, ఎర్రగా వచ్చేది నువ్వేనా?" నేనేనని ఒప్పుకుని లోపలికెళ్ళి, కాఫీ చల్లారేదాకా సర్టిఫికెట్ల గురించి వివరించాను. అమ్మాయి తలవంచుకుని వింది. (నవ్వాపుకుంటోందని నాకు తెలియదు, సిగ్గనుకున్నాను.) ఆమె నాయన అంతా విని ఒకటే అడిగాడు. "దానంతటదే వచ్చేట్టు పెట్టినా అంటివి. మరి ఏంటికి రాలేదప్పా?"

చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు దగ్గుతారు. నేనూ దగ్గాను. కొడుకు పరువు పోతోందని అమ్మ అందుకుంది. "డబ్బాకేం లోపం లేదన్నా, నేను బిడ్డ మాదిరి చూసుకుంటాండా. శుక్రవారం పొద్దున ఇల్లు కడిగేటప్పుడు నీళ్ళు పడతాయని వైరు పీకేసి, బాగా తుడిచి, బొట్టు పెట్టి, పూజ అయినాకనే మళ్ళా తగిలిస్తా."

శుక్రవారం పొద్దున ఇల్లు కడగాలని అమ్మ నన్ను లాప్‌టాప్‌తో సహా మిద్దెమీదికి తరిమేది. డబ్బామీద బొట్టు చూస్తూనే ఉన్నాను, అది ఎప్పుడు పెడుతోందా అని మాత్రం నాకు తట్టలేదు. "శుక్రవారం పెట్టమన్నది నువ్వే గదమ్మా!" అన్నాను. నా గొంతు నాకే జాలిగా వినిపించింది.

ముందు నవ్వింది అమ్మాయే. "ముహూర్తం పెట్టేదీ నువ్వే, ఆ పొద్దుకు కరెంటు పీకేదీ నువ్వేనా అత్తా!"

అత్తా అన్న పిలుపుకు మామ నా తొడ గిల్లాడు. వాళ్ళ నాయన కూడా నవ్వేసి, చల్లారిన కాఫీలు తీసి వేడివి తెమ్మన్నాడు.

ఇప్పుడు డబ్బా రోజూ ప్రయత్నిస్తుంది, అమ్మ శుక్రవారం వైరు పీకుతూనే ఉంది, ఇద్దరికీ తగాదా లేదు. లింకు పంపి తన విలువ చూపించబోయిన ఆ పిల్లవాడు గుర్తొస్తే కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని, మామూలుగా ఫొటో పంపరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. మొన్న ఆ మాటే మా ఆవిడతో అంటూ, "అమ్మ ఆ పొద్దు నోరు విప్పకపోతే నువ్వు నా ఫొటో ఎప్పటికీ చూసేదానివే కాదు" అన్నాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అంది. "ఫొటో నేను ముందే చూసినాలే. ఆ తెర అడుగున, అయినా సరే పోతాను అని చిన్నగా ఉండాదే, అది నొక్కి. ముందుకు పోవద్దని అది మర్యాదగానే చెప్పింది. నేనే ఇనలేదు."