సభ నాడు రాజవ్వ సింగపూర్‌లో ఉంది

గుమ్మడిదల మండలంలోని మా ఊళ్లో రాజవ్వ ఇంటి అటక మీద ఇరవై రెండు సీసాలున్నాయి. కొన్ని మందు సీసాలు, కొన్ని పెళ్లిళ్లలో పంచిన నీళ్ల సీసాలు. అన్నింటిలోనూ నీళ్లే ఉన్నాయి. ఒక్కోదాని మెడకు ఒక దారం, ఆ దారానికి కొన్ని ముళ్లు. మందుల కంపెనీ గోడ పక్క నుంచి దిగివచ్చే వాగు మొదట తాకేది రాజవ్వ మడినే. భర్త కొమురయ్య చనిపోయిన ఏడాది నుంచి, అంటే పదకొండేళ్లుగా, తొలకరి వాన కురిసిన నాడు ఒకసారి, యాసంగి నాట్లకు ముందు ఒకసారి ఆమె వాగులో సీసా ముంచి తెచ్చి దాచింది. ఎర్ర దారమైతే వానాకాలం, తెల్ల దారమైతే యాసంగి. ముళ్లు ఎన్నో ఏడాదో చెబుతాయి. చివరి ముడి పెద్దదైతే ఆ ఏడు బర్రెకు దూడ చచ్చిపుట్టిందని అర్థం. చదువు రాని మనిషి తనకోసం ఏర్పరచుకున్న ఈ పద్ధతి ఊళ్లో మరెవరికీ తెలియదు.

న్యాయశాస్త్రం చదివి సంగారెడ్డి కోర్టులో చేరిన కొత్తలో నేను ఆమెను చాలాసార్లు అడిగాను. ఏ సీసా ఏనాటిదో చెబితే కాగితం మీద రాసి పెడతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"కాయితానికి నోరుంటదా బిడ్డా? ఎదురడిగితె మల్ల జెప్తదా? నేను నిలవడి జెప్త. నడుమల ఆపి అడిగినా జెప్త."

ఆ మాట నాకు నచ్చింది. నష్టపోయిన మనిషే నోరు విప్పి మాట్లాడాలన్నది నా నమ్మకం కూడా. ఆ నమ్మకం తప్పని ఇప్పటికీ అనుకోను. దాని బరువంతా ఒక్క మనిషి మీద పెట్టి, ఆ మనిషి రాకపోతే ఏమవుతుందని ఒక్కసారైనా ఆలోచించకపోవడం మాత్రం తప్పే.

పోయిన ఏడాది కంపెనీ విస్తరణకు దరఖాస్తు చేసుకుంది. విస్తరణకు ముందు ఊరివాళ్ల అభిప్రాయం వినాలి, విన్నది రాసుకోవాలి. చట్టం అడిగేది అంతే. నవంబరు పంతొమ్మిదిన బడి మైదానంలో సభ అని నోటీసు వచ్చింది. ఊళ్లో ఆ కంపెనీ గేటు దాటి పనికి వెళ్లే మనిషి లేని ఇల్లు దాదాపు లేదు. అందుకే మొదట లేచేదెవరన్న ప్రశ్న వచ్చేసరికి అందరూ రాజవ్వ వైపే చూశారు. రాజవ్వ పక్క మడి రైతు పోచయ్య ఆ మాట పైకే అన్నాడు.

"అవ్వ సీసాలు ముంగట వెట్టి మొదలువెడితె, మేమంత ఎనుక నుంచి అందుకుంటం. అవ్వనైతె ఎవడేం జేస్తడు?"

రాజవ్వ కొడుకు నరేష్ అదే కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఈ విషయం ఎవరైనా గుర్తుచేస్తే ఆమె తడుముకునేది కాదు. "వాని నౌకరి వానిది. నా మడి నాది. ఒక్కింట్ల రెండు పొయ్యిలుంటలేవా?" అనేది.

సెప్టెంబరులో నరేష్ నా దగ్గరికి వచ్చాడు. ఆ ఏడాది మంచి పనివాడని కంపెనీ అతనికి బహుమతి ఇచ్చిందట. కుటుంబంతో నాలుగు రోజులు సింగపూర్ చూసి రావచ్చు. డిసెంబరులో ప్రయాణం.

"అమ్మను గుడ తీస్కపోత చెల్లె. దుండిగల్ ఇమానాలు నెత్తి మీద తిరుగుతుంటె సూస్కుంట సూస్కుంటనే ముసల్దైంది. ఒక్కపారన్న ఎక్కియ్యాలె. కాకపోతె ఆధార్‌ల పుట్టిన ఏడు ఒకటున్నది, పింఛన్ కార్డుల ఇంకోటున్నది. పాస్‌పోర్టోళ్లు పరేషాన్ జేస్తరట. ఏదన్న రాసియ్యి."

రెండు కార్డులూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాసి ఇచ్చాను. తల్లిని వెంట తీసుకుపోయే కొడుకుల్లో ఇతనొకడు అని సంతోషపడ్డాను కూడా.

సభకు మూడు రోజుల ముందు రాజవ్వకు ఫోన్ చేస్తే ఆమె బటన్ ఫోన్ మూగపోయి ఉంది. నరేష్‌కు చేశాను. "అమ్మ మా అక్క దగ్గరికి కర్దనూర్ పోయింది చెల్లె. సభ నాడు పొద్దుగాల్లనే తోల్కొస్త. ఫికర్ జెయ్యకు" అన్నాడు. గొంతులో ఏ తేడా లేదు.

అప్పటికి అతనూ, భార్యా, కూతురూ, రాజవ్వా నలుగురూ విమానాశ్రయంలో ఉన్నారు. ఆ నాలుగు రోజుల సంగతి రాజవ్వే తర్వాత నాకు చెప్పింది.

విమానాశ్రయంలో ఆమె కోసం చక్రాల కుర్చీ తెప్పించారు. యాభై ఏళ్లు గట్ల మీద నడిచిన మనిషి. కూర్చోనంది.

"కూసోవే అమ్మా. దీంట్ల కూసున్నోళ్లకు లైను లేదు. నీ ఎంబడి మేం గుడ జల్దీ పోతం" అన్నాడు నరేష్.

"అంటె నాకు కాళ్లు లేకుంటె మీకు ఫాయిదా అన్నట్టు" అని నవ్వి కూర్చుంది.

హోటల్ గదిలో తొమ్మిదేళ్ల మనుమరాలు నిషిత, నల్లా తిప్పి ఆ నీళ్లే తాగొచ్చని చెప్పింది. రాజవ్వ గ్లాసు నింపి మొదట వాసన చూసింది. కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. ఒక్క గుక్క నాలుక మీద ఉంచుకుని కాసేపు ఆగింది. ఆ తర్వాత వరుసగా మూడు గ్లాసులు తాగింది.

"ఇంత దూరమొచ్చి గుడ నీళ్ల పంచాయితేనా అత్తమ్మా!" అంది కోడలు శ్రీలత.

"పంచాయితి గాదే, ముచ్చట. ఈ దేశంల మందుల కంపెనీల్లేవారా నరేషా?"

"ఉన్నయే, శాన ఉన్నయి. గాని..." అంటూ నరేష్ నిషిత బూట్లు వెతకడంలో పడ్డాడు.

మెట్రో రైలులో ముక్కూమొహం తెలియని ఒక యువతి లేచి తనకు చోటిచ్చిందని, ఆ పిల్ల తల నిమిరితే బిత్తరపోయి తర్వాత చేతులు జోడించిందని రాజవ్వ ఎంతో ఇష్టంగా చెప్పింది. నగరం నడిమధ్య పారే నది ఒడ్డున కూర్చుని, అందులోకి ఏ నీళ్లు వచ్చి కలుస్తున్నాయో కనిపెట్టాలని అరగంట చూసిందట. ఏమీ కనబడలేదు. మన ఊళ్లో సభ జరిగే నాడు ఈ నది గురించి కూడా చెప్పాలని అప్పుడే అనుకుందట.

మూడో రోజు పొద్దున, నోట్లోంచి నీళ్లు చిమ్మే పెద్ద సింహం బొమ్మ దగ్గర నరేష్ ఆమెను నిలబెట్టాడు. శ్రీలత తన నల్ల కళ్లద్దాలు తీసి అత్త కళ్లకు పెట్టింది. "నవ్వే అమ్మా, ఊరంత సూస్తది" అన్నాడు నరేష్. సిగ్గేసి ఆమె గట్టిగానే నవ్వింది.

ఊరంతా చూసింది. ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి ఇక్కడ పంతొమ్మిదో తేదీ పొద్దున పదిన్నర. బడి మైదానంలో షామియానా కింద మూడు వందల మంది కూర్చుని రాజవ్వ కోసం దారి చూస్తున్నారు. ఫోటో కింద "అమ్మ కోరిక తీరింది" అని రాసి ఉంది. పోచయ్య ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు, పక్కవాడికిచ్చాడు. వెనక వరుసలోంచి ఎవరో అన్నారు:

"అవ్వ అమ్ముడువోయింది రా."

ఎవరైనా మాట్లాడతారా అని వేదిక మీది అధికారి మూడుసార్లు అడిగారు. మూడోసారి పోచయ్య లేచాడు. "రాజవ్వ లేదు సార్" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు. నేను లేచి నాలుగు నిమిషాలు మాట్లాడాను. నా దగ్గర సెక్షన్లున్నాయి, సీసాలు లేవు. అవి తాళం వేసిన ఇంట్లో ఉన్నాయి. "నీ మడి ఏడున్నదమ్మా?" అని కంపెనీ తరఫువాళ్లలో ఒకతను అడిగితే జనంలో కొందరు నవ్వారు. నాకు మడి లేదు. రోజంతా జరగవలసిన సభ ముప్పై ఐదు నిమిషాల్లో ముగిసింది.

ఆ ఫోటో చూసి ఆ మాట నేనూ నమ్మాను. ఆ సంగతి ఇక్కడ దాచలేను.

తిరిగొచ్చిన రెండో రోజు రాజవ్వ చాక్లెట్ల పొట్లంతో మా ఇంటికి వచ్చింది.

"నీళ్ల ప్లాంటు కాడ ఎవ్వరు మాట్లాడ్తలేరు బిడ్డా. డబ్బాలు నింపుకొని మొఖం దిప్పుకొని పోతుండ్రు. నేను ఇమానమెక్కితె గంత కండ్లమంటనా?" అని గడప మీద కూలబడి, ఊపిరి తీసుకుని అడిగింది. "ఇగ జెప్పు. మీటింగు తారీకు మల్ల వచ్చిందా?"

నేను మెత్తగా జవాబు చెప్పలేదు. "ఏ మీటింగు అవ్వా? నువ్వు నల్లద్దాలు వెట్టుకొని నవ్విన నాడే అయిపాయె గద."

ఆమె నా ముఖంలోకి చూసింది. "వాయిదా వడ్డదని నువ్వే జెప్పినవట గద?"

"నేనా?"

"ఆఫీసర్‌కు తబియత్ మంచిగ లేదు, మీటింగు వచ్చే నెల, అందుకే టికెట్లు ముందటికి జరుపుకున్నమన్నడు. నేను నమ్మలె. అరుణకు తెల్సా అనడిగిన. అరుణనే ఫోన్ జేసి జెప్పింది అన్నడు. నీ పేరు జెప్పిండు బిడ్డా. గందుకే ఇమానమెక్కిన."

నాకు ఆమె పేరు చెప్పి, ఆమెకు నా పేరు చెప్పి, మా ఇద్దరి మధ్య ఉన్న నమ్మకాన్నే అతను తాడులా వాడుకున్నాడు. ఫోన్‌లో ఆ ఫోటో వెతికి చూపించాను. వెనక వరుసలోంచి వచ్చిన మాట కూడా చెప్పాను. ఆమె ఫోటోను వేలితో తాకింది. "గింత గనం నవ్విననా" అంది.

లేచి నా చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నరేష్ అన్నం తింటున్నాడు. మమ్మల్ని కలిసి చూడగానే అతనికి అర్థమైంది. కంచంలో చేయి ఆగిపోయింది.

"మేనేజర్ సాబే తారీకులు మార్చిండమ్మా. నన్నేం జెయ్యమంటవ్? నువ్వు గా స్టేజీ ఎక్కితె తెల్లారి నా గేట్ పాస్ గుంజుకుంటుండె. నిషిత బడి..."

"నౌకరి పోతదని నాకు జెప్పినవా?"

"జెప్తె ఇంటవా నువ్వు?"

రాజవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. "ఇంటుంటినేమొ రా. నన్ను కూసోవెట్టి, అమ్మా నా కోసం ఊకుండు అని అడిగుంటె, ఊకుందునేమొ. నువ్వు అడగనే లేదు. ముసల్దాన్ని కుర్సీల కూసోవెట్టి నూక్కపోయినవ్."

ఆ మాట నరేష్‌కు తగిలినట్టే నాకూ తగిలింది. ఊరంతటి తరఫునా నిలబడుతుందని నేను నమ్మిన మనిషి, కొడుకు అడిగితే నోరు మూసుకుని ఉండేదా? ఆ ప్రశ్న ఆమెను అడగాలని నా నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు.

మర్నాడు ఆమె అటక మీది సీసాలన్నీ దింపించింది. ఇన్నేళ్లూ వద్దన్న కాగితం తానే తెమ్మంది. ఒక్కో దారం వేళ్ల మధ్య నడిపిస్తూ చెప్పుకుంటూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను. ఐదు పేజీలయ్యాయి. సభ ముగిశాక ఇచ్చే కాగితానికి, సభలో చెప్పిన మాటకున్నంత బలం ఉండదని ముందే చెప్పాను. సభకు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే ఆ కాస్త బలం కూడా ఉండదని చెప్పాను. శ్రీలత తలుపు చాటున నిలబడి వింటోంది.

"రాయి" అంది రాజవ్వ. "సభ లేదని నా కొడుకు నరేష్ జెప్పి నన్ను సింగపూర్ తీస్కపోయిండని రాయి."

"పేరుతోనా అవ్వా?"

"నాకు ఇంకో కొడుకున్నడా? పేరు రాయకుంటె మాత్రం తెల్వదా?"

తలుపు చాటు నుంచి శ్రీలత లోపలికి వెళ్లిపోయింది. రాజవ్వ అటు చూడలేదు. వేలిముద్ర వేసి, పక్కన ఇంకో వేలిముద్ర ఉంటే బాగుంటుందని, కాగితం తీసుకుని పోచయ్య ఇంటికి నడిచింది. నేను చదివాను. పోచయ్య నిలబడే విన్నాడు. కొడుకు పేరున్న వాక్యం దగ్గర మళ్లీ చదవమన్నాడు.

"అమ్ముడువోయినవనుకున్నమే అవ్వా. తప్పే" అన్నాడు. "గాని నా చిన్నోడు గుడ ఆ గేటు లోపల్నే ఉన్నడు. నేను ముద్ర ఎయ్య."

"అందుకే గద రా, నన్ను ముంగట నిలవెట్టుకున్నరు" అంది రాజవ్వ. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఇంకో మూడిళ్లు తిరిగాం. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు, ఎవరూ వేలు ఇవ్వలేదు.

సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ఒకే వేలిముద్రతో ఆ కాగితం ఇచ్చాం. రసీదు ఇచ్చారు. మళ్లీ సభ పెడతారా అని బస్సులో ఆమె అడిగింది. చెప్పలేనన్నాను. ఇప్పటి దాకా జవాబు రాలేదు. నరేష్ ఉద్యోగం పోలేదు. అతన్ని మరో షిఫ్టుకు మార్చారంతే.

రాజవ్వ ఆ ఇంట్లోనే ఉంటోంది. పొద్దున కొడుక్కి చాయ పెట్టి ఇస్తుంది, డబ్బా కట్టి ఇస్తుంది. మాటలు మానేయలేదు. కాకపోతే అతను ఏ కబురు చెప్పినా ఆమె మరొకరిని అడిగి తెలుసుకుంటోంది. కరెంటు బిల్లు వచ్చిందంటే నిషితతో చదివిస్తుంది. కర్దనూర్ అక్క కులాసా అంటే నా ఫోన్ నుంచి కూతురికి చేయిస్తుంది. మొన్న నేనక్కడే ఉన్నాను. వాన వచ్చేటట్టున్నది, వడ్ల మీద కవరు కప్పమని నరేష్ లోపలి నుంచి కేకేశాడు. ఆమె వాకిట్లోకి వచ్చి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఆకాశం వైపు చాలాసేపు చూసింది.