గోపురం పోసిన సోలెడు ఉప్పు

ఇంటిల్లిపాదికీ ఏడాదంతా రావలసిన మామిడికాయ తొక్కును పదేళ్ల వయసులో, ఎవరి సాయమూ లేకుండా చెడగొట్టిన ఘనత మా గల్లీలో నా ఒక్కదానికే దక్కింది. దానికి సాక్ష్యం ఇప్పటికీ మా వంటింటి అరలో ఉంది: అంచు అరిగిన ఇత్తడి సోల. ఈ ఎండాకాలం కూడా ఉప్పు కొలవడానికి దాన్ని కిందికి దించాను. చింతపండుతో ఎంత తోమినా వదలని ఆవపిండి వాసన ముక్కుకు తగిలింది.

వరంగల్‌లో మాది కిరాణా దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు, ఆ వెనక పెరడు. పెరట్లో ఒక్కటే మామిడిచెట్టు, దాని చుట్టూ మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, పెంచిన టమాట మళ్లు, గోడెక్కిన బీరపాదు, దోసతీగ, మిరపచెట్లు. బడికి సెలవులిచ్చేసరికి అన్నీ కూడబలుక్కున్నట్టు కాపుకొచ్చి మీద పడేవి. టమాటలూ దోసకాయలూ తరిగి, ఉప్పు పట్టించి, డాబా మీద పాత చీర పరిచి ఎండబెడితే, సగం ఒరుగులు డబ్బాలోకి, సగం కాపలా కూర్చున్న నా నోట్లోకి పోయేవి. గాలికి రాలిన పిందెలు ఉప్పుకారం అద్దుకుని తిని తిని, పళ్లు పులిసి, మధ్యాహ్నం అన్నం నమలలేక తిట్లు తినేదాన్ని. మంచం కింద గడ్డిలో మాగేసిన పండ్లను రోజుకు పదిసార్లు నొక్కి చూసేదాన్ని. నొక్కడం వల్లే మెత్తబడ్డాయని అమ్మ అనేది.

మిగతా పొద్దంతా గల్లాపెట్టె పక్కనే నా బడి. సోల నిండగానే అరచేతిని అంచు మీదుగా ఈడ్చి చదును చెయ్యడం బాపు దగ్గర నేర్చుకున్నాను. అది న్యాయమైన కొలత అనేవాడు ఆయన. ఆ న్యాయానికి మించి ఒక్క గింజ బయటికి పోయినా నా ప్రాణం ఉసూరుమనేది.

తొక్కు పెట్టే రోజు అమ్మ కత్తిపీట ముందు కూర్చుని, కాయలను టెంకతో సహా ముక్కలు కొడుతోంది. బాపమ్మ ఎల్లిపాయలు ఒలుస్తూ, “బిడ్డా, దుకాణంల నుంచి ఉప్పు నాలుగు సోలలు తెచ్చి బేసిన్ల పొయ్యి” అంది. నాలుగు సోలలే పోశాను, నాలుగుసార్లూ అంచు గీసి. బాపమ్మ లెక్కలో సోల అంటే మీది గోపురంతో కలిపి సోల. అది నాకు తెలియదంటే అబద్ధం. ఆమె పోస్తుంటే ఏటా చూసేదాన్ని. చూసినప్పుడల్లా ఎంత దుబారా అనుకునేదాన్ని.

కలిపిన తొక్కును జాడీకెత్తాక బేసిన్ అడుగున వేడివేడి అన్నం వేసి, బాపమ్మ తలా ఒక ముద్ద చేతిలో పెట్టింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, ఇంకో ముద్ద కోసం చాచిన చేతులు. కాస్త చప్పగా ఉన్నా, ఊరితే అదే సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు.

మూడోనాడు జాడీ తీసి కలిపి ఉప్పు చూడాలి. ఆ రోజు శనివారం. “నాకు ఒక్కపొద్దు, జర నువ్వు చూడవే” అంది బాపమ్మ. ముక్క నాలుక మీద పెట్టగానే తెలిసిపోయింది. కానీ దుకాణంలో పెరిగినవాళ్లు సొంత సరుకును చప్పగా ఉందని ఎప్పుడన్నా అంటారా?

“మంచిగ సరిపోయింది బాపమ్మా.”

వానలు పడ్డ మొదటి వారమే జాడీ మూత తీస్తే పైన తెల్లటి బూజు.

“ఉప్పెన్ని సోలలు పోసినవే?”

“నాలుగు.”

“గోపురం పోసినవా, గీకినవా?”

“గీకిన. మిగిలింది బస్తాల పోసిన.”

బాపమ్మ దుకాణం వైపు తిరిగి కేకేసింది. “చూస్తివారా, నీ బిడ్డ నాకే దుకాణం కొలత కొలిచింది.” బాపు పప్పు పొట్లం కడుతున్నవాడల్లా తల ఇంకా కిందికి వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని భుజాలు చెప్పాయి.

బూజు పట్టిన పైభాగమంతా తీసి పారేశారు. కింద మంచిగా ఉన్నదాన్ని ఉప్పు, కాచిన నూనె పోసి నిలబెట్టారు కానీ, అది ఎక్కువ కాలం ఆగదని బాపమ్మ తేల్చేసింది. ఇక పదిహేను రోజులు మా వాకిట్లో జాతరే. అన్నం గిన్నెలతో గల్లీ అంతా వచ్చి కూర్చునేది, వాన చినుకుల్లో ఘాటుకు ఊదుకుంటూ తినేది, “పిల్ల దుకాణం మంచిగ నడుపుతది” అని నన్ను ఆటపట్టించేది. జాడీ అడుగు కనిపించింది.

మరుసటి ఎండాకాలం సోల మళ్లీ నా చేతికే ఇచ్చింది బాపమ్మ. మూడోనాడు ముక్క కూడా నాకే అందించి, “ఈసారి కొనేదాని లెక్క చూడు బిడ్డా, అమ్మేదాని లెక్క కాదు” అంది. ఆమెకు అంతా తెలుసు. నేను రెండుసార్లు నాకి చూసి, “ఇంకో పిడికెడు వడ్తది” అన్నాను.

దుకాణం రెండు షట్టర్లయి, ఇల్లు పెరట్లోకి జరిగినప్పుడు మామిడిచెట్టు పోయింది. బాపమ్మ అంతకుముందే పోయింది. ఇప్పుడు డాబా మీద బకెట్లలో నాలుగు టమాట మొక్కలు, మూడు మిరపచెట్లు నావి. మామిడికాయలు మార్కెట్లో గంటసేపు బేరమాడి, కొసరుగా రెండు వేయించుకుని తెస్తాను. ఉప్పు దగ్గర మాత్రం బేరం లేదు, సోల మీద గోపురం నిలవాల్సిందే.

ఇక లెక్క. ఆ ఏడు నేను మిగిల్చింది మహా అయితే మూడు గుప్పిళ్ల ఉప్పు. పోయింది సగం జాడీ. కొసరుగా దక్కింది పదిహేను రోజుల జాతర. ఇవి ఒకదానికొకటి చెల్లు. ఆ చలికాలమంతా బాపమ్మ పెరుగన్నంలో తొక్కు ముక్క లేకుండానే తిన్నది. అది మాత్రం ఇప్పటికీ నా పేరున బాకీగానే ఉంది.