జత కుదరని ఎద్దులు

ఇరవై ఏళ్లుగా ఈ మాట నా గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో మా డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆదివారం వస్తే నేను ఆయన గదిలోనే. కిటికీలోంచి బెల్లం వాసన, లోపల రంగుల వాసన. ఆయన దగ్గర పాత చైనా బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. అందులో రెండు గుర్రాలు: ఒకటి నిగనిగలాడుతూ, ఒకటి ఎముకలు తేలి. రాజు కొలువులో జనం సొమ్ము మేసేవాళ్లని నోటితో తిడితే తల పోతుంది కాబట్టి ఆ చిత్రకారులు గుర్రం డొక్కలతో తిట్టారని చెప్పి పకపకా నవ్వేవారు. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు!

ఒకసారి వర్తకులు మార్కెట్ గోడ మీద బొమ్మ వేయమన్నారు. మాస్టారు బెల్లం బండి వేశారు. ఒకే కాడికి ఒక బలిసిన ఎద్దు, ఒక బక్క ఎద్దు. బరువంతా బక్కదాని మెడ మీదే. బుద్ధున్న రైతెవడూ అలాంటి జత కట్టడు. అందుకే రైతులకి చూడగానే తెలిసిపోయింది. బెల్లం దిమ్మలు దించుతూ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకునేవారు. పొలంలో కాలు పెట్టని వర్తకులకి అది వట్టి బండి.

అప్పట్లో నేను వర్తకుల పెద్ద దగ్గర గుమస్తాని. ఒకరోజు ఆయన గోడ ముందు ఆగాడు.

“ఏటోయ్, ఆ రెండో ఎద్దుకి తిండెట్టలేదేటి మీ మాస్టారు?”

“అది రైతండి. ఆ బలిసింది మీరేనండి.”

ఎందుకన్నాను? భయమా? ఆశా? కాదు. ఆ బొమ్మ నాకు అర్థమైందని ఎవరి దగ్గరో ఒకరి దగ్గర గొప్ప చెప్పుకోవాలన్న దురద. అంతే.

మర్నాడే గోడకి సున్నం కొట్టించారు. మాస్టారు చూస్తూ నిలబడ్డారు. “ఎవలు సెప్పేరంటావు?” అని నన్నే అడిగారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

“రైతులే ఎవలో అనుంటార్లెండి,” అన్నాను.

అదీ నా అసలు పాపం. ఎవరి కోసం గీశారో వాళ్లే తనని పట్టిచ్చారని నమ్మి, ఆ మనిషి మళ్లీ కుంచె ముట్టలేదు. రైతు ఎదురొస్తే తల తిప్పుకునేవారు. నేను మాత్రం ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను, ఆయనిచ్చిన టీ తాగుతూనే ఉన్నాను. సిగ్గులేని జన్మ!

నిరుడు పోయారు. కశింకోట నుంచి ఆ రైతులే వచ్చి పాడె మోశారు. ఆయన తమకి ఎందుకు మొహం చాటేశారో వాళ్లకి ఇప్పటికీ తెలియదు. వాళ్ల పక్కన నేనూ భుజం పట్టాను. అప్పుడూ చెప్పలేదు.

రైతులెవరూ చెప్పలేదు మాస్టారూ. నేనే చెప్పాను.

హమ్మయ్య, అనేశాను. వినాల్సిన మనిషే లేరు.