మందు మీదికి నెట్టిన నలుపు

1944లో నేను నారాయణఖేడ్‌లో ఒక చిన్న దవాఖానలో కంపౌండర్‌ని. నా వాళ్లంతా మెదక్‌లో ఉండేవారు. డాక్టరు ఊళ్ల మీదికి వెళ్తే నాతో మాట్లాడే దిక్కు ఉండేది కాదు. అందుకే సంగప్ప వస్తే ప్రాణం లేచొచ్చేది. కంగ్టి వైపు మనిషి, ఊరూరా గొంగళ్లు అమ్మేవాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. సగం కన్నడం, సగం తెలుగు కలిపి గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు.

ఒకసారి పాలిపోయి వచ్చాడు. రక్తం తక్కువైందని డాక్టరు ఐరన్ మిక్చర్ రాశాడు, అంటే ఇనుము కలిసిన మందు. సంగప్ప తెచ్చుకున్న సీసాలో పోసి, మోతాదుల గీతలు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చాను. వారానికి మళ్లీ వచ్చాడు. డాక్టరు ఊళ్లో లేడు.

"సాబ్, దొడ్డికి నల్లగ వోతుంది. బండి కందెన లెక్క."

నవ్వాను. "ఇనుము తాగితే నల్లగ గాక తెల్లగ వోతదా? ఫికర్ జేయకు."

ఇనుముకు నల్లబడే మాట నిజమే. ఆ సగం చదువుతోనే సీసా మళ్లీ నింపాను.

మూడో రోజు పొద్దున ఎవరో సంగప్పను బండిలో తెచ్చి దించారు. గిన్నెడు నెత్తురు కక్కాడు. కడుపులో పుండు నుంచి నెత్తురు కారితే ఇలా అవుతుంది. నోట్లోంచి వస్తే హెమటెమెసిస్ అంటారు, కిందికి నల్లగా, జిగటగా పోతే మెలీనా.

"నల్లగ ఎప్పటి సంది?" అప్పుడడిగాను.

"నీ మందుకు ముందటి సందే. నువ్వు అడగకపోతివి."

నెత్తురు తలకు అందేలా మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాను. నెత్తురెక్కించే ఏర్పాటు అక్కడ లేదు. ముందే పడుకోబెట్టి పాల పథ్యం పెట్టి ఉంటే బతికేవాడేమో.

మధ్యాహ్నం డాక్టరు తిరిగొచ్చి, మార్ఫియా సూది వేసి, ఎప్పటినుంచో నల్లగా పోతోందని విని సంగప్పను కసిరాడు. "నల్లగ వోతుందని ముందే ఎందుకు చెప్పలే?"

సంగప్ప నా వైపు చూశాడు. "సిగ్గయింది సాబ్. నేనే చెప్పలే."

డాక్టరు పక్క గదిలోకి వెళ్లాక, "గట్లెందుకన్నవ్?" అన్నాను.

"నీ నౌకరి ఉండాలె. నాతోటి కూసోని మాట్లాడినోనివి నువ్వొక్కనివే."

సాయంత్రానికి పోయాడు.

ఆ తర్వాత ఎన్నేళ్లు పనిచేసినా, "ఎప్పటి సంది?" అని అడగనిదే సీసా ముట్టలేదు. డాక్టరుకు మాత్రం నిజం చెప్పలేకపోయాను. ఆ ఊళ్లో నా మనసు విప్పి చెప్పుకోగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, వాణ్ణి నేనే పోగొట్టుకున్నాను.