మంచం రెండో చివర

మీరు నమ్మినా నమ్మకపోయినా ఒక్కటి మాత్రం చెబుతాను... ఆ రాత్రి నేను నిద్రలో లేను. అది కల కాదు.

మాది పామిడి. నేను ఇంట్లోనే మిషను మీద నైటీలు కుడతాను. మా ఆయన ఓబులేసు లారీ డ్రైవరు. పోయిన ఏడాది మొక్కజొన్న లోడు మీదికెక్కి టార్పాలిన్ పట్ట కడుతుంటే తాడు తెగింది. వెల్లకిలా రోడ్డు మీద పడ్డాడు. తలలో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. నిద్రే... దక్కలేదు.

పగలంతా తూగుతాడు. చీకటి పడితే గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. మునుపు గొంతెత్తి ఎరగని మనిషి, ఇప్పుడు చిన్న మాటకే కసురుతాడు. నన్ను పేరు పెట్టి పిలవడమే మానేశాడు. ఎప్పుడైనా కాస్త కునుకు పడితే, ఆ నిద్రలోనే లేచి నడుస్తాడు. అందుకే ఎండాకాలంలో వీధంతా మిద్దెల మీద పడుకుంటే, మేం మాత్రం లోపల, తలుపు గడియ పెట్టుకుని. ఆయన నవారు మంచం మీద. నేను కింద చాప మీద, గడపకు అడ్డంగా.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కిటికీలోంచి కాస్త వెన్నెల. మంచం కిర్రుమంది...

లేచి కూర్చున్నాడు. కాళ్లు కిందికి దించాడు. రెండు చేతులూ మెల్లగా పైకి లేచాయి... స్టీరింగు పట్టుకున్నట్టు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను మాత్రం చూడటం లేదు. నిద్రలో లేచినప్పుడు ఉన్నట్టుండి కదిలించొద్దని డాక్టరు చెప్పాడు. ఊపిరి బిగబట్టి అలాగే పడుకున్నాను. చేతులు ఒక పక్కకు తిప్పాడు. కాలితో నేలను నొక్కాడు. బండి ఆపాడన్నమాట. తర్వాత కుడివైపు జరిగి, పక్కన చోటిచ్చాడు.

"రాప్పా, ఎక్కు. యాడికి పోవల్ల?"

అప్పుడు...

మంచం రెండో చివర కుంగింది. నవారు సాగిన చప్పుడు... సన్నగా, క్ర్...ర్... మని. ఎవరో బరువుగా కూర్చున్నట్టు. అక్కడ ఎవరూ లేరు. గుంట మాత్రం కనిపిస్తోంది. చాప అంచు గట్టిగా పట్టుకున్నాను.

ఆయన అటు తిరిగి, గొంతు తగ్గించాడు.

"మెల్లిగా మాట్లాడప్పా. సువర్ణ పండుకోనుండాది."

నా పేరు... ఎన్నాళ్లకు విన్నానో. అంత భయంలోనూ ఏడుపొచ్చింది. చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అటువైపు నుంచి ఏదో ప్రశ్న వచ్చినట్టుంది. నాకేమీ వినపడలేదు. ఆయన తలూపుతూ విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"నాకు దెబ్బ తగిలినప్పట్నుంచి ఆమెకు నిద్ర ల్యా. నేనేమో కసురుకుంటాండా. ఎందుకో నాకే తెలీదు. చెప్పుకోవల్లంటే మాట రాదు."

ఆ తర్వాత ఇద్దరూ... ఇద్దరనే అంటాను... ఆ లేని లారీలో పోతూ ఉన్నారు. చివరికి కాలితో మళ్లీ నేల నొక్కాడు.

"ఈడనేనా? సరే, చూసుకోని దిగు."

నవారు మెల్లగా పైకి లేచింది. తలుపు వైపు చూశాను. గడియ పెట్టినట్టే ఉంది. నా పాదాల మీదుగా ఏదో చల్లగా దాటినట్టయింది... గాలేనేమో. ఆయన పక్కకు ఒరిగి గురక పెట్టాడు. ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా నిద్రపోవడం అదే మొదలు.

పొద్దున అడిగితే ఏమీ గుర్తు లేదన్నాడు. డాక్టరుకు అంతా చెప్పాను. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరు కలలో చేసే పనిని ఒంటితోనూ చేస్తారట. మాత్రలు మార్చాడు. ఇప్పుడు కొన్ని రాత్రులు పడుకుంటాడు. కొన్ని రాత్రులు పడుకోడు. కసరడం పూర్తిగా పోలేదు. నాకు మాత్రం మనసులో మునుపటంత నొప్పి లేదు.

మంచం కుంగిన సంగతి అడిగితే, "నువ్వూ చాలా రోజులుగా నిద్ర లేకుండా ఉన్నావు కదమ్మా," అన్నాడు డాక్టరు.

కావచ్చు. నా కళ్లే నన్ను మోసం చేశాయేమో...

కానీ మంచం ఆ చివర నేను ఇప్పటికీ కూర్చోను. భయంతోనో... ఆయన మాట వినడానికి ఎవరైనా వస్తే చోటుండాలనో... నాకే తెలియదు.